నేలమీదే ఉంచండి!

అమెరికాలోని బోస్టన్ నగరానికి లోగన్ అనే విమానాశ్రయం ఉంది. సముద్రాన్ని పూడ్చిన నేలమీద కట్టారు దాన్ని. స్థలం తక్కువ, విమానాలు ఎక్కువ. విమానం గాలికి ఎదురుగా లేవాలి కాబట్టి, గాలి ఎటు వీచినా పనికివచ్చేలా వేరువేరు దిక్కులకు రన్‌వేలు వేశారు. అందువల్ల కొన్ని రన్‌వేలు మన ఊళ్ళలోని నాలుగురోడ్ల కూడలిలాగా ఒకదాన్నొకటి అడ్డంగా దాటుకుంటూ పోతాయి. రోడ్డు కూడలిలోనైతే లారీ డ్రైవరు బ్రేకు నొక్కి ఆగవచ్చు. పైకి లేవబోతున్న విమానానికి ఆ వీలు ఉండదు. ఒక వేగం దాటిన తరువాత ఆపాలన్నా రన్‌వే చాలదు.

2005 జూన్ 9 సాయంకాలం ఈ కూడలిలోనే రెండు విమానాలు ఎదురుపడ్డాయి. ఒకటి ఐర్లండుకు చెందిన ఏర్ లింగస్ వారి ఎయిర్‌బస్ ఎ-330. అందులో 272 మంది షానన్ నగరానికి బయలుదేరారు. రెండవది యూఎస్ ఎయిర్‌వేస్ వారి బోయింగ్ 737. ఫిలడెల్ఫియా వెళ్ళే ఆ విమానంలో 109 మంది ఉన్నారు. పిల్లలు, పెద్దలు, సిబ్బంది అంతా కలిపి 381 ప్రాణాలు.

ఆ సమయంలో కంట్రోల్ టవర్‌లో పని ఇద్దరు కంట్రోలర్లు పంచుకున్నారు. పడమటి వైపు రన్‌వే ఒకరిది, తూర్పు వైపు రన్‌వే మరొకరిది. పడమటి వైపు కంట్రోలర్ నియమం ప్రకారమే తన తోటివారిని అడిగారు, ఏర్ లింగస్‌ను పంపించవచ్చునా అని. తూర్పు వైపు కంట్రోలర్ సరేనన్నారు. 7 గంటల 39 నిమిషాల 10 సెకన్లకు ఏర్ లింగస్‌కు అనుమతి వెళ్ళింది. సరిగ్గా 5 సెకన్ల తరువాత, తాను సరేనన్న సంగతి మరచిన ఆ తూర్పు వైపు కంట్రోలరే యూఎస్ ఎయిర్‌వేస్‌కు కూడా అనుమతి ఇచ్చేశారు. మొదటి విమానం కూడలి దాటిందో లేదో చూసుకున్నాకే రెండోదాన్ని పంపాలన్నది అక్కడి నియమం. ప్రమాదానికి ఇదే కారణమని అమెరికా రవాణా భద్రతా మండలి తరువాత తేల్చింది.

మరి యంత్రాలు ఏం చేస్తున్నాయి అని మీరు అడగవచ్చు. రన్‌వేమీద విమానాలు ఢీకొనే పరిస్థితి వస్తే రాడార్ సాయంతో టవర్‌ను హెచ్చరించే యంత్రం అక్కడ ఉంది. అయితే అడ్డంగా దాటుకునే రన్‌వేల సంగతి దానికి నేర్పలేదు. అది మోగలేదు.

బోయింగ్‌ను కెప్టెన్ నడుపుతున్నారు. వేగం చూసి పైకి చెప్పడం పక్కసీటులోని కో-పైలట్ పని. ఇక ఆగడానికి వీలులేని వేగం వచ్చిందని చెబుతూండగానే ఆయన కంటికి ఆ పెద్ద విమానం కనబడింది. దాని ముక్కు అప్పుడే పైకి లేస్తోంది. అది లేస్తున్నది కాబట్టి తాము లేవకూడదు, దాని కిందనుంచి దూరిపోవాలి. ఈ లెక్కంతా ఆయన మనసులో తట్టడానికి ఎంతసేపు పట్టి ఉంటుంది? “నేలమీదే ఉంచండి” అని కెప్టెన్‌తో అంటూనే కంట్రోల్ కాడిని తానే ముందుకు నెట్టిపట్టారు. కెప్టెన్ ఎందుకని అడగలేదు. “నేను నడుపుతున్నాను కదా” అనలేదు. ఎయిర్‌బస్ వారి తలమీదుగా దాటిపోయింది. రెండిటి మధ్య దూరం దాదాపు 171 అడుగులని అంచనా వేశారు. ఆ ఎయిర్‌బస్ రెక్కల వెడల్పే 197 అడుగులు! కూడలి దాటాక, రన్‌వే చివరికి దగ్గరలో, బోయింగ్ పైకి లేచింది. ఇప్పుడే ప్రమాదం తప్పిందని కో-పైలట్ రేడియోలో తెలియజేస్తే, ఏర్ లింగస్ నుంచి “మేమూ అదే అంటున్నాం” అని జవాబు వచ్చింది. రెండు విమానాలూ తమ దారిన తాము సాగిపోయాయి. ఆ కెప్టెన్‌నూ కో-పైలట్‌నూ తరువాత పైలట్ల సంఘం సత్కరించింది.

పక్కసీటువారు ఇలా మాట్లాడడం, పెద్దవారు వినడం ఎప్పుడూ ఉన్నది కాదు. 1977 మార్చి 27న స్పెయిన్ దేశపు టెనెరిఫె ద్వీపంలో, దట్టమైన పొగమంచులో, రెండు 747 విమానాలు ఒకే రన్‌వేమీద ఢీకొని 583 మంది చనిపోయారు. కేఎల్‌ఎం విమానం నడుపుతున్న కెప్టెన్ ఆ సంస్థలో ఇతర పైలట్లకు శిక్షణ ఇచ్చే ప్రముఖుడు. అనుమతి ఇంకా రాలేదని కో-పైలట్ ఒకసారి ఆయన్ను ఆపాడు. రెండోసారి ఆపలేదు. ముందున్న పాన్ ఆమ్ విమానం రన్‌వే వదలలేదేమోనని వెనుక కూర్చున్న ఫ్లైట్ ఇంజనీరు అడిగాడు. వదిలిందని కెప్టెన్ గట్టిగా చెప్పేసరికి మరి మాట్లాడలేదు.

పెద్దలకు ఎదురు చెప్పరాదని మన ఇళ్ళలోనూ పెంచుతాం. అది మంచిదే. కాని అపాయం కనబడినప్పుడు నోరు విప్పడం ఎదురు చెప్పడం కాదని పైలట్లకు పాఠంగా చెప్పవలసి వచ్చింది. 1979లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ఈ విషయంపై సదస్సు పెట్టింది. ఆ తరువాత విమాన సంస్థలు ఒక్కొక్కటే ఈ శిక్షణ మొదలుపెట్టాయి. చిన్నవారు స్పష్టంగా చెప్పడం ఎంత ముఖ్యమో, పెద్దవారు వినడం అంత ముఖ్యమని అందులో నేర్పుతారు. రెండోదే కష్టమని నా అభిప్రాయం.

మన దేశంలో 1996 నవంబరు 12న ఢిల్లీకి దగ్గరలో చర్ఖీ దాద్రీ వద్ద రెండు విమానాలు ఆకాశంలో ఢీకొని 349 మంది మరణించారు. ఆ తరువాత, ఎదుటి విమానం దగ్గరికి వస్తే పైలట్‌ను హెచ్చరించే పరికరాన్ని ఇక్కడ తప్పనిసరి చేశారు. అయితే అది గాలిలో ఎత్తున ఉన్నప్పుడే ఎటు తప్పుకోవాలో చెబుతుంది. రన్‌వేమీద దానివల్ల లాభం లేదు. 2024 జూన్ 8న ముంబయిలో తిరువనంతపురం వెళ్ళే ఎయిర్ ఇండియా విమానం ఇంకా రన్‌వేమీద పరుగెడుతూండగానే, ఇండోర్ నుంచి వచ్చిన ఇండిగో విమానం దాని వెనుకనే అదే రన్‌వేమీద దిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. సంబంధిత కంట్రోలర్‌ను విధులనుంచి తప్పించారు. ముంబయిలోనూ రెండు రన్‌వేలు ఒకదాన్నొకటి అడ్డంగా దాటుతాయి.

బోస్టన్‌లో ఆ తరువాత రన్‌వేలలోనే ఎర్రదీపాలు పొదిగారు. వేరొక విమానం అడ్డు వస్తున్నదని రాడార్ గమనిస్తే అవి వాటంతట అవే వెలుగుతాయి. ఎవరూ మీట నొక్కనక్కరలేదు. అవి వెలిగి ఉండగా, టవర్ నుంచి అనుమతి వచ్చినా సరే, పైలట్ ఆగి మళ్ళీ అడగాలి.