మూడు పాయల బలం

పిల్లలూ! పొద్దున్నే బడికి వెళ్ళే వేళకు చాలా ఇళ్ళల్లో ఒక చిన్న యుద్ధం జరుగుతుంది. పాప ముందు కూచుంటుంది. అమ్మ చేతిలో దువ్వెన, నోట్లో రిబ్బను పట్టుకుని వెనక కూచుంటుంది. "కదలకు!" అంటుంది అమ్మ. "నొప్పే అమ్మా!" అంటుంది పాప. "ఓర్చుకో. గట్టిగా వెయ్యకపోతే మధ్యాన్నానికే ఊడి జటలు కడుతుంది," అంటుంది అమ్మ.

మణుగూరులో ఈ యుద్ధం ఇంకా తొందరగా జరిగిపోవాలి. మణుగూరు ఎక్కడుందో తెలుసా? గోదావరికి చేరువలో, భద్రాచలం అడవుల అంచున ఉంది. 2016 కు ముందు ఖమ్మం జిల్లాలో ఉండేది, ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. ఇది సింగరేణి బొగ్గు గనుల ఊరు. ఇంట్లో ఒకరు మొదటి షిఫ్టుకు వెళ్ళాలి. వాళ్ళకు టిఫిను డబ్బా కట్టాలి, పిల్లలను బడికి తయారు చేయాలి. పైగా గాలి వీస్తే బొగ్గు దుమ్ము. అంచేత అమ్మ జుట్టంతా వెనక్కు లాగి, సాయంత్రం దాకా చెదరకుండా బిగించి రెండు జడలు వేస్తుంది. అమ్మ తొందర అమ్మది. పాప కళ్ళల్లో నీళ్ళు పాపవి.

ఇద్దరిలో ఎవరిది న్యాయం? గట్టిగా లాగితేనే జడ నిలుస్తుందా? దీనికి జవాబు వెతుకుదాం. దారిలో నాలుగు కొత్త రకాల జడలు కూడా నేర్చుకుందాం. మగపిల్లలు పేజీ తిప్పేయకండి. జవాబులో సగం బొగ్గు గనిలోనే ఉంది!

వెంట్రుక ఎంత గట్టిది?

మన తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ఒక్కొక్కటి నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అంటే 60 సెంటీమీటర్ల జడ పెరగడానికి దాదాపు 5 ఏళ్ళు పడుతుంది. ఆరో తరగతి చదివే పిల్లకు అంత జడ ఉంటే, దాని కొస ఆ పిల్ల ఒకటో తరగతిలో ఉండగా మొలిచిందన్న మాట! రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు ఊడిపోవడం మామూలే. కనక దువ్వెనలో నాలుగు వెంట్రుకలు కనపడగానే బెంగ పడనక్కర లేదు.

వెంట్రుక కెరటిన్ అనే పదార్థంతో తయారవుతుంది. మన గోళ్ళూ, ఆవు కొమ్ముల పై తొడుగూ, పక్షి ఈకలూ కూడా అలాటి పదార్థంతోనే అవుతాయి. సన్నగా కనపడుతుంది గాని, వెంట్రుక చాలా గట్టిది. ఒక్క వెంట్రుక తెగకుండా దాదాపు 50 గ్రాముల బరువు మోయగలదు. లక్ష వెంట్రుకలు కలిస్తే ఎంత? లెక్క కట్టండి. 5 టన్నులు!

కాని ఇది లెక్క మాత్రమే సుమా! ఎందుచేతనంటే, బయటికి కనపడే వెంట్రుకలో ప్రాణం లేదు. అందుకే కత్తిరించినా నొప్పి పుట్టదు. ప్రాణమంతా చర్మం లోపల, కుదురులో ఉంది. నొప్పి తెలిసేదీ అక్కడే, కొత్త వెంట్రుక తయారయ్యేదీ అక్కడే. జడను గట్టిగా లాగినప్పుడు వెంట్రుక తట్టుకుంటుంది, కుదురు తట్టుకోలేదు. ఈ మాట గుర్తుంచుకోండి.

జడ ఎందుకు ఊడదు?

దువ్వినప్పుడు రాలిన పొడుగాటి వెంట్రుక ఒకటి తీసుకోండి. రెండు వేళ్ళ మధ్య పట్టుకుని మొదటి నుంచి కొస దాకా లాగండి. నున్నగా జారుతుంది. కొస నుంచి మొదటి వైపుకు లాగండి. కొంచెం గరుకుగా తగులుతుంది. పెంకుటింటి కప్పు మీద పెంకులు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నట్టు, వెంట్రుక మీద కంటికి కనపడనంత చిన్న పొలుసులున్నాయి. అవన్నీ కొస వైపుకు చూస్తూ ఉంటాయి.

ఈ గరుకుదనమే జడకు ఆధారం. పాయ మీద పాయ పడిన ప్రతిచోటా ఒకటి మరొకదాన్ని నొక్కుతుంది. జడను లాగినకొద్దీ ఆ మెలికలు మరింతగా నొక్కుకుని పట్టు బిగుస్తుంది. అంటే జడ తనను తానే పట్టుకుంటుంది. కొస దగ్గర నొక్కడానికి మరో మెలిక లేదు గనక అక్కడ మాత్రం రిబ్బను కావాలి. చూశారా? జడను నిలిపేది మెలికలే గాని, మాడు దగ్గర లాగిన బలం కాదు.

ఇప్పుడొక ఆట. ఎరుపు, తెలుపు, నలుపు రిబ్బన్లు మూడు తీసుకుని పై కొసలు కలిపి కిటికీ చువ్వకు కట్టండి. ఎడమ నుంచి ఎరుపు, తెలుపు, నలుపు వరసగా ఉంచండి. కుడి చివరి దాన్ని మధ్య దాని మీదుగా వెయ్యండి. తరవాత ఎడమ చివరి దాన్ని మధ్య దాని మీదుగా వెయ్యండి. ఇలా కుడి, ఎడమ, కుడి, ఎడమ అల్లుతూ లెక్కపెట్టండి. సరిగ్గా ఆరో మెలికకు ఎరుపు, తెలుపు, నలుపు మళ్ళీ మొదటి వరసలోకే వస్తాయి. వరస పాతదే, అయినా మధ్యలో జడ తయారయింది! ఎమిల్ ఆర్టిన్ అనే గణిత శాస్త్రజ్ఞుడు 1925 లో జడల మీద ఒక గణితమే తయారు చేశాడు. అమ్మ రోజూ వేళ్ళతో చేసే పని పెద్ద లెక్కల పుస్తకాలకెక్కింది.

గనిలో జడ

ఇక గనికి పోదాం. పూర్వం గనుల్లోంచి బరువు పైకి లాగడానికి జనపనార మోకులూ, ఇనప గొలుసులూ వాడేవారు. గొలుసుతో ఒక పెద్ద ప్రమాదం ఉంది. వంద లింకుల్లో ఒక్కటి పగిలినా గొలుసంతా తెగినట్టే. ముందుగా హెచ్చరిక కూడా ఉండదు. జర్మనీలో హార్జ్ కొండల్లోని క్లౌస్తాల్ గనుల్లో విల్‌హెల్మ్ ఆల్బర్ట్ అనే అధికారి ఈ సంగతి గురించి చాలా ఆలోచించి, 1834 లో ఇనప తీగలతో తాడు చేయించాడు. నాలుగేసి తీగలు కలిపి ఒక పాయ. అలాటి పాయలు ఎన్నో తెలుసా? మూడు!

ఆ తాడులో ఒక తీగ తెగితే ఏమవుతుంది? పక్క తీగలు దాని బరువు పంచుకుంటాయి. తెగిన తీగ ముందుగానే కంటపడుతుంది, తాడు మార్చవచ్చు. గనుల్లో ఇప్పుడు వాడే ఉక్కు తాళ్ళకు మూలపురుషుడు ఆ తాడే.

అయితే తాడుకూ జడకూ ఒక తేడా ఉంది. తాడును పేనుతారు, జడను అల్లుతారు. కాని రెండింటి రహస్యమూ ఒకటే. బలం బిగించడంలో లేదు, బరువు పంచుకోవడంలో ఉంది.

ఇక జడలు వేద్దాం

ముందుగా చిక్కు తియ్యండి. కొస నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. తడి జుట్టు ఎక్కువ సాగుతుంది, తేలిగ్గా దెబ్బ తింటుంది. కనక తల ఆరిన తరవాతనే జడ వెయ్యాలి.

తాడు జడ: రైతు పగ్గం పేనడం చూశారా? ఇదీ అంతే. జుట్టును రెండు పాయలు చెయ్యండి. రెండింటినీ విడివిడిగా కుడి వైపుకు మెలిపెట్టండి. తరవాత రెండింటినీ కలిపి ఎడమ వైపుకు చుట్టండి. పాయల మెలిక ఒక పక్కకు విప్పుకోవాలని చూస్తుంది, చుట్టిన మెలిక రెండో పక్కకు విప్పుకోవాలని చూస్తుంది. ఆ పోట్లాటలో రెండూ విప్పుకోలేవు!

చేపముల్లు జడ: దీనికీ రెండు పాయలే. కుడి పాయ బయటి అంచు నుంచి సన్నని పోగు తీసి ఎడమ పాయలో కలపండి. ఎడమ పాయ బయటి అంచు నుంచి సన్నని పోగు తీసి కుడి పాయలో కలపండి. ఓపిక కావాలి. పూర్తయ్యాక గోదావరి చేప వెన్నుముల్లులా ఉంటుంది.

నాలుగు కాళ్ళ జడ: పాయనే కాలు అని కూడా అంటారు. నాలుగు పాయలు తీసి, కుడి చివరి దాన్ని పక్క పాయ మీదుగా, తరవాతి దాని కిందుగా, ఆ తరవాతి దాని మీదుగా పోనిచ్చి ఎడమ చివరకు చేర్చండి. మళ్ళీ కుడి చివర మిగిలిన పాయతో అలాగే చెయ్యండి. జడ చాపలా వెడల్పుగా వస్తుంది. ఇది వస్తే అయిదు కాళ్ళ జడ కూడా వచ్చినట్టే. ఒక పాయ పెరుగుతుంది, అంతే.

కలుపుడు జడ: జుట్టు పొట్టిగా ఉన్న పిల్లలకు ఇది బాగుంటుంది. పాపిట పక్క నుంచి మూడు సన్నని పాయలు తీసి అల్లడం మొదలుపెట్టండి. ప్రతి మెలికకూ పక్కనున్న జుట్టు కొంచెం కొంచెం కలుపుకుంటూ చెవి వెనకకు రండి. ఒకేచోట లాగదు, బరువు దారి పొడుగునా పంచుకుంటుంది.

పండగ పూట పూలజడ

వేసవిలో మల్లెలు విరగబూసినప్పుడు పూలజడ వేయించుకోని తెలుగు పిల్ల ఉంటుందా? మల్లె మొగ్గలూ, మధ్య మధ్య కనకాంబరాలూ, మరువమూ వరసలుగా కుట్టి, కొసకు జడకుచ్చులు కడతారు. మొగలి రేకులతో వేసే జడ మరో రకం. పూర్వం కలవారి పిల్లలు నడినెత్తిన రాగిడీ, దాని కింద నాగరమూ, పాపిటకు అటూ ఇటూ సూర్యుడూ చంద్రుడూ పెట్టుకునేవారు.

కూచిపూడి భామాకలాపంలో సత్యభామ రాగానే మొహం చూపించదు. ముందు తెర మీదుగా జడ వేస్తుంది. 'నాతో సమానమైన వారెవరైనా ఉంటే రండి' అని ఆ జడే సవాలు చేస్తుంది. ఆ వేషం వెనకటి కాలంలో మగవాళ్ళే వేసేవారు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు (1935-2012) సత్యభామ వేషంతో దేశమంతటా పేరు పొందారు.

పూలజడ అందంగా ఉంటుంది గాని బరువు. తడిపిన పూలు మరీ బరువు. కనక పూలను ముందుగా గుడ్డ పట్టీ మీద గాని, అరటి దొప్ప మీద గాని కుట్టండి. దాన్ని మెడ దగ్గర ఒక్కచోటే వేలాడదీయక, జడ పొడుగునా అయిదారు చోట్ల కట్టండి. ఎందుకో మీకు తెలుసు. బరువు పంచుకోవాలి!

మనుషులు అల్లే జడ

జడకోలాటం చూశారా? పై నుంచి రంగు తాళ్ళు వేలాడతాయి. ఒక్కొక్క తాడూ ఒకరు పట్టుకుని, ఒకరి ముందుగా, మరొకరి వెనకగా చిందులేస్తూ తిరుగుతారు. చూస్తూండగానే పైన జడ తయారవుతుంది. తరవాత అవే అడుగులు వెనక నుంచి ముందుకు వేస్తారు. ఒక్క ముడి పడకుండా జడ విడిపోతుంది. ఒక్కరు అడుగు తప్పినా, ఎవరైనా తన తాడు గట్టిగా లాగినా అల్లిక చిక్కు పడుతుంది.

అమ్మకూ పాపకూ తీర్పు

మొదటి ప్రశ్నకు వద్దాం. జడ సాయంత్రం దాకా నిలవాలన్న అమ్మ మాట న్యాయమే. వదులు జుట్టు చిక్కు పడుతుంది, సైకిలు చక్రంలోనో, యంత్రంలోనో పడితే ప్రమాదం కూడా. కాని నొప్పి అన్న పాప మాట కూడా న్యాయమే. రోజూ ఏళ్ళ తరబడి కుదుళ్ళను లాగి కట్టడం మూలాన కణతల దగ్గరా, నుదుటి అంచునా జుట్టు పలచబడుతుంది. గ్రీన్‌లాండులో జుట్టు బిగించి కట్టుకునే ఆడవాళ్ళలో ఈ సంగతిని 20 వ శతాబ్దం మొదట్లోనే గమనించారు. మొదట్లోనే వదులు చేస్తే జుట్టు మళ్ళీ వస్తుంది. చాలా ఏళ్ళు అలాగే సాగిస్తే కుదురు చచ్చి, ఇక రాదు.

కనక అమ్మలకొక మనవి. జడ వెయ్యడం కాగానే పాపను కనుబొమలు పైకెత్తమనండి. నుదురు లాగినట్టుందంటే కొంచెం వదులు చెయ్యండి. కణతల దగ్గర చిన్న చిన్న పొక్కులు కనపడితే కొన్నాళ్ళు ఆ జడ మానండి. బిగువు కావాలంటే మెలికల్లో పెట్టండి, మాడు దగ్గర కాదు. రోజూ ఒకే చోట పాపిట తియ్యకండి. రాత్రి జడ విప్పి, వదులుగా ఒక్క జడ వేసి పడుకోబెట్టండి.

పాపలకొక మాట. నొప్పి పుడితే ఏడుస్తూ ఊరుకోకండి, ఎక్కడ నొప్పో వేలు పెట్టి చూపించండి. అంతే కాదు. ఆదివారం నాడు అమ్మను ముందు కూచోబెట్టి, మీరు వెనక కూచుని తాడు జడ వెయ్యండి. "నొప్పిగా ఉందా అమ్మా?" అని అడగండి. సోమవారం పొద్దున్న మీ జడ ఎలా ఉంటుందో చూడండి!