కొండెక్కే సైకిలు సరదా

జులైలో ఫ్రాన్సు వెళ్ళి టూర్ ద ఫ్రాన్స్ సైకిలు పందెం చూడాలనీ, ఆ కొండదారుల్లో మీరూ తొక్కాలనీ ఉందా? సరదా మంచిదే. కాని మాంట్ వెంటూ కొండ సంగతి వినండి. బెదువాన్ ఊరినుంచి 21 కిలోమీటర్ల ఎక్కుడు. చివరి ఆరింటిలో నీడన్నమాటే లేదు. 1967 పందెంలో టామ్ సింప్సన్ అక్కడే, ఎండవేడికి ఆంఫెటమిన్ మాత్రలు, మద్యం తోడై ప్రాణం వదిలాడు. ఆయన ఆరితేరిన పందెగాడు. మనం సెలవులకు వెళ్ళినవాళ్ళం!

నలభై దాటినవారు బయలుదేరేముందే డాక్టరుకు గుండె చూపించుకోవాలి. దాహం వేయకముందే కొద్దికొద్దిగా నీళ్ళు తాగండి. కళ్ళు తిరిగినా, ఎండలో వణుకు పుట్టినా పంతానికి పోక, సైకిలు దిగి ఒళ్ళు తడుపుకోండి, తోడున్నవారిని పిలవండి. శిఖరంమీద చలిగాలి. చెమట బట్టలతో కిందికి దిగితే వణికిపోతారు. పాతకాలపు పందెగాళ్ళు అందుకే చొక్కాలో వార్తాపత్రిక దోపుకునేవారు. వారపత్రికైనా ఫరవాలేదు, చదివాక!