చిన్న కార్యానికీ పంచాంగం కావాలి

ఉత్సవానికి ముందు గుడికి సున్నం వేయించడం, కారుతున్న మండపాన్ని బాగుచేయించడం, అన్నదానం జరిపించడం మొదలైన కార్యభారం మన గ్రామాలలో ఒక ఉపాధ్యాయునిపైనో, ఒక రైతుపైనో, ఒక గృహిణిపైనో పడుతూ ఉంటుంది. “నిర్వహణశాస్త్రం చదువని మాకు ఇది ఎట్లా సాధ్యం?” అని కొందరు యువకులు నన్ను అడిగారు. శాస్త్రం మన ఇంటనే ఉన్నది.

1909లో మైసూరులో శామశాస్త్రిగారు ప్రకటించిన కౌటిల్యుని అర్థశాస్త్రం కార్యాలోచనకు ఐదు అంగాలను చెప్పింది: ఆరంభోపాయం, మనుష్యులు–ద్రవ్యం, దేశకాలాల విభజన, ఆపదకు ప్రతిక్రియ, కార్యసిద్ధి. రాజ్యానికి చెప్పిన ఈ పంచాంగం మండపానికి కూడా వర్తిస్తుంది.

మొదటిది ఆరంభం. “మండపం బాగుచేయాలి” అన్నంతమాత్రాన సంకల్పం కాదు. పూజాసంకల్పంలో దేశం, కాలం, కర్త, ఫలం అన్నీ పలుకుతాము కదా! అట్లే “శ్రీరామనవమికి ఐదు రోజుల ముందే పైకప్పు కారడం ఆగాలి, లోపల సున్నం పూర్తికావాలి” అని కాగితంపై వ్రాసి అందరికీ వినిపించాలి. అందులో లేని పనిని మధ్యలో చేర్చరాదు.

రెండవది మనుష్యులు, ద్రవ్యం. సోమయాగంలో పదహారుగురు ఋత్విజులు ఉంటారు. ఎవరి కర్మ వారిది. వారిలో బ్రహ్మ అనే ఋత్విజుడు చాలావరకు మౌనంగా కూర్చుండి, లోపం కనబడినప్పుడు సరిదిద్దుతాడు. మన పనిలోనూ సామగ్రికి ఒకరు, పనివారికి ఒకరు, అంతటినీ కనిపెట్టి చూడడానికి ఒకరు ఉండాలి. ద్రవ్యం పుచ్చుకొనేవారు, లెక్క వ్రాసేవారు వేర్వేరుగా ఉండడం ఉభయులకూ క్షేమం.

మూడవదైన కాలవిభజనలోనే చాలామంది తడబడతారు. జైమిని పూర్వమీమాంసలోని ఐదవ అధ్యాయం క్రమవిచారానికే కేటాయించబడింది. అగ్నిహోత్రవిషయంలో హోమం ముందు, గంజి వండడం తరువాత పఠింపబడినా, వండనిదే హోమద్రవ్యం లేదు. కనుక వంటే ముందు జరుగుతుంది. పాఠక్రమం కంటె అర్థక్రమం బలీయమని మీమాంసకుల నిర్ణయం. మన జాబితాలో సున్నం మొదట వ్రాసి ఉన్నా, పైకప్పే ముందు. సిమెంటు పూతకు కనీసం వారం రోజులు నీరు పట్టాలి. గోడలో కరెంటు తీగలు వేయవలసి ఉంటే అవీ సున్నానికి ముందే. ఉత్సవదినం నుండి వెనుకకు లెక్కించుకుంటూ వస్తే మేస్త్రీని ఏనాడు పిలవాలో తెలుస్తుంది.

నాలుగవది ఆపద. మేస్త్రీ రాకపోవచ్చు, అకాలవర్షం కురియవచ్చు, ధరలు పెరుగవచ్చు. ద్రవ్యంలో పదవవంతు, కాలంలో రెండుమూడు రోజులు విడిగా ఉంచుకోవాలి.

ఐదవది సిద్ధి. కప్పుపై నీరు నిలిపి, క్రింద తడి దిగలేదని చూచిన పిమ్మటనే మేస్త్రీకి తుది సొమ్ము ఇవ్వాలి. అటుపై మండపంలోనే జమాఖర్చు చదివి వినిపించాలి. నేనెరిగిన ఒక గ్రామంలో పని చక్కగా ముగిసింది. ఒక్క పైసా దుర్వినియోగం కాలేదు. కాని లెక్క చదువలేదు. అనుమానం పుట్టి రెండు కుటుంబాలకు మాటలు లేకపోయాయి. మరుసటి ఏడు ఉత్సవభారం మోయడానికి ఎవరూ ముందుకు రాలేదు. కప్పు నిలిచింది గాని నమ్మకం నిలువలేదు.

కూలి చేసుకొని పది రూపాయలిచ్చిన భక్తునికి ఆ లెక్క వినే అధికారం ఉన్నది. అది వినిపించిననాడే పూర్ణాహుతి అయినట్లు.

స్వస్తి.