వోల్టు పెరిగితే క్యాథోడ్ నిలిచేదెలా?

నోబెల్ అందుకున్నవారందరిలోకీ పెద్ద వయస్కుడు ఒక బ్యాటరీ శాస్త్రవేత్త. 2019లో రసాయన శాస్త్ర బహుమతి ప్రకటించేనాటికి జాన్ గుడినఫ్‌కు 97 ఏళ్లు. 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన బృందం లిథియం కోబాల్ట్ ఆక్సైడ్‌ను క్యాథోడ్‌గా పెట్టి 4 వోల్టులు రాబట్టింది. అంతకు ముందు స్టాన్లీ విటింగ్‌హామ్ చేసిన బ్యాటరీది రెండు వోల్టుల పైచిలుకే.

గుడినఫ్ వాడిన ఆ పదార్థంలో గ్రాముకు 274 మిల్లీ యాంపియర్ అవర్ల సామర్థ్యం దాగి ఉంది. 4.2 వోల్టుల దగ్గర ఛార్జింగ్ ఆపేస్తే చేతికొచ్చేది 140 మాత్రమే, అంటే సగం. మిగతా లిథియం కోసం వోల్టేజి పెంచితే 4.5 దాటాక పొరలు పక్కకు జారుతాయి, ఆక్సిజన్ తప్పించుకుంటుంది, కోబాల్ట్ కరిగిపోతుంది. అయినా ఫోన్ తయారీదారులు 4.4 వోల్టులు దాటించగలిగారంటే, పిసరంత మెగ్నీషియం, అల్యూమినియం, టైటానియం లాంటివి కలిపి ఆ పొరలకు బిగువు తేవడం వల్లే. ఇది చిన్న విజయం కాదు.

అతి పలచని కవచం చూడాలంటే ఈ క్యాథోడ్ రేణువుల మీదే చూడాలి. ఒక అల్యూమినియం సమ్మేళనపు ఆవిరినీ, నీటి ఆవిరినీ ఒకదాని తర్వాత ఒకటి పంపుతారు. ఒక్కో విడతకు సుమారు 0.1 నానోమీటరు అల్యూమినియం ఆక్సైడ్ పేరుకుంటుంది. పది విడతలైతే ఒక నానోమీటరు. వెంట్రుక మందం వేల నానోమీటర్లలో ఉంటుంది! ఆ పొర లిథియానికి దారి ఇస్తూనే ఎలక్ట్రోలైట్‌ను దూరంగా ఉంచుతుంది.

వోల్టుల లెక్కలో ముందువరుసలో ఉన్నది లిథియం నికెల్ ఫాస్ఫేట్: 5.1. మామూలు ఎలక్ట్రోలైట్ 4.5 దగ్గరే విరిగిపోవడం మొదలవుతుంది కాబట్టి అది ప్రయోగశాల దాటడం కష్టం. నాకు ఆశ కలిగించేది 4.7 వోల్టుల నికెల్-మాంగనీస్ స్పినెల్. కోబాల్ట్ అక్కర్లేదు. దాని శత్రువు చెమ్మ. లవలేశం తేమ చాలు, ఎలక్ట్రోలైట్‌లోని లవణంతో కలిసి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుట్టి మాంగనీస్‌ను కరిగిస్తుంది. కరిగిన మాంగనీస్ అవతలి ధ్రువానికి చేరి అక్కడి రక్షణ పొరనూ చెడగొడుతుంది.

మన్నికలో మాత్రం కెనడాలోని హాలిఫాక్స్‌ను మెచ్చుకోవాలి. డల్‌హౌసీ విశ్వవిద్యాలయంలో జెఫ్ డాన్ బృందం గుత్తులుగా అతుక్కున్న రేణువులకు బదులు ఏకస్ఫటిక రేణువులు వాడింది. అతుకులే లేకపోతే పగుళ్లకు చోటెక్కడ? ఇలాంటి సెల్ విద్యుత్ కారును 16 లక్షల కిలోమీటర్లకు పైగా నడపగలదని 2019లో ఆ బృందం అంచనా కట్టింది.