కంకర బాటల సైకిలు యాత్ర

ఉత్తర అమెరికా ఖండమున రాకీ పర్వతములు ఉత్తరము నుండి దక్షిణమునకు గోడ కట్టినట్లు వ్యాపించి యున్నవి. ఈ పర్వతముల వెంట ఒక జలవిభాజక రేఖ కలదు. దానికి పడమట కురిసిన వాన నీరు పసిఫిక్ మహాసముద్రమువైపునకును, తూర్పున కురిసిన నీటిలో అధికభాగము మెక్సికో సింధుశాఖవైపునకును పారును. ఈ రేఖను పలుమారులు అటునిటు దాటుచు, కొండలు, అడవుల గుండ మూడువేల మైళ్లకు పైగా సాగు సైకిలు మార్గమొకటి కలదు. దానికి ‘గ్రేట్ డివైడ్’ మార్గమని పేరు. అది కెనడాలోని జాస్పర్ పట్టణమున మొదలై, అమెరికా సంయుక్త రాష్ట్రములందలి మోంటానా, ఐడహో, వయోమింగ్, కొలరాడో, న్యూమెక్సికో రాష్ట్రములను దాటి, మెక్సికో సరిహద్దును చేరును. ఇందు అధికభాగము తారు పూత యెరుగని కంకర బాటయే.

ఇంత పొడవైన మార్గమును సైకిళ్లకొరకు ఎవరు నిర్మించిరని మీరు అడుగవచ్చును. ఎవరును నిర్మింపలేదు, ఉన్న బాటలనే వెదకి, ఒకదానితో నొకటి కలిపిరి. మోంటానాలోని మిసూలా పట్టణమున సైకిలు యాత్రికుల సంఘమొకటి కలదు. 1976లో అమెరికా స్వాతంత్ర్యమునకు రెండువందల యేండ్లు నిండిన సందర్భమున, దేశమునకు అడ్డముగా సైకిలు యాత్ర నడిపిన సంస్థయే అది. ఆ సంఘము వారు 1990వ దశాబ్దమున అటవీ పటములను ముందుంచుకొని, బాటలను స్వయముగా పరీక్షించి, ఈ మార్గమునకు రూపము కల్పించిరి. మొదట అమెరికా సరిహద్దులోపలనే యున్న మార్గము తరువాత కెనడాలోనికి బాన్ఫ్ వరకును, ఆపైన జాస్పర్ వరకును పెరిగినది.

ఆ బాటలు అక్కడ ముందే యుండుటకు కారణము కలప. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట అమెరికాలో ఇండ్ల నిర్మాణమునకు కలప విరివిగా కావలసివచ్చెను. దుంగలు నింపిన లారీలు కొండలు దిగుటకై అడవులలో బాటలు వేసిరి. నేడు ఆ దేశపు అటవీశాఖ చేతిలో మూడున్నర లక్షల మైళ్లకు పైబడిన బాటలు కలవు. బరువు లారీ నిట్టనిలువు దారిని ఎక్కలేదు గనుక, బాటలను కొండచరియల చుట్టును మెల్లగా త్రిప్పిరి. లారీకి అనుకూలించిన ఆ వాలే నేడు సైకిలు తొక్కువానికిని అనుకూలించుచున్నది. కొన్నిచోట్ల పాత రైలుదారులు కూడ ఇట్లే ఉపయోగపడినవి. కొలరాడోలోని బోరియాస్ కనుమ సముద్రమట్టమునకు 11,480 అడుగులకు పైబడిన యెత్తున నున్నది. 1937 వరకు దాని మీదుగా చిన్న రైలు నడిచెడిది. పట్టాలు తొలగించిన ఆ కట్టమీదనే నేడు సైకిళ్లు పోవుచున్నవి.

కంకర బాట చూపునకు సామాన్యము; కాని దాని నిర్మాణమున నేర్పు కలదు. రాతి ముక్కలు, ఇసుక, కొంత బంకమట్టి తగు పాళ్లలో కలిసినపుడే అది గట్టిపడును. మట్టి తక్కువైనచో రాళ్లు చెదరును. ఎక్కువైనచో వానకు బురదయగును. బాట నడుమ తాబేటి వీపువలె ఉబ్బెత్తుగా నుండవలెను. అపుడు పడిన నీరు నిలువక ఇరుప్రక్కల కాలువలలోనికి జారును. కొండవైపు కాలువలోని నీటిని బాట అడుగున అమర్చిన తూములు లోయవైపునకు దాటించును. ఒక్క తూములో ఆకులును, కొమ్మలును అడ్డుపడినచో, నీరు బాటమీదికి పొంగి, ఒక్క గాలివానకే గజముల కొలది బాటను కోసివేయును. బాట వేయుట ఒకనాటి పని. తూములను శుభ్రపరచుట ఏటేట చేయవలసిన పని. ఈ రెండవ పనికే ధనము చాలకుండుట ఎక్కువ.

మొరము పరచిన మన పల్లెబాటలపై సైకిలు తొక్కినవారికి మరియొక బాధ తెలిసియే యుండును. నున్నగా వేసిన బాట కొన్నాళ్లకు ముడుతలు పడిన రేకువలె అడ్డముగా అలలు తేలును. ఇది మోటారు బండ్ల స్ప్రింగుల వలన కలుగునని పలువురు తలచెడివారు. ఫ్రాన్సు, కెనడా, ఇంగ్లండు దేశముల శాస్త్రజ్ఞులు కొందరు, గుండ్రని పళ్లెమున ఇసుక పోసి, దానిపై చక్రము దొర్లించి చూచి, 2007లో తమ ఫలితములను ప్రకటించిరి. చక్రమునకు స్ప్రింగు లేకున్నను అలలు ఏర్పడినవి. వేగము ఒక హద్దునకు మించినపుడే అవి పుట్టినవి. అంతకు తక్కువ వేగమున ఇసుక చదునుగానే నిలిచినది. ఆ హద్దు మిక్కిలి తక్కువ గనుక, బాటపై పోవు బండ్లన్నియు దానిని మించియే పోవుచుండును. కావున అలలు తప్పవు. తారురోడ్డు సైకిలు టైరు ఇరువదియైదు మిల్లీమీటర్ల వెడల్పు ఉన్నను చాలును. కంకరకు నలుబది, అంతకు మించిన వెడల్పు కావలెను. గాలియు తక్కువగా నింపవలెను. మెత్తని టైరు రాతిని తగిలినపుడు ఎగిరిపడక, దానిని తనలో ఇముడ్చుకొని దాటును. గాలి మరీ తగ్గినచో చక్రపు అంచు రాతికి తగిలి ట్యూబు చీలును.

వెడల్పు టైర్లును, గేర్లును లేని కాలముననే ఇట్టి యాత్ర చేసినవారున్నారు. వారును మిసూలా నుండియే బయలుదేరుట విశేషము. 1897 జూన్ 14న అచ్చటి కోట నుండి 25వ పదాతి దళమునకు చెందిన ఇరువదిమంది నల్లజాతి సైనికులు, లెఫ్టినెంటు జేమ్స్ మాస్ నాయకత్వమున, సెయింట్ లూయిస్ నగరమునకు సైకిళ్లపై సాగిరి. గుర్రములకు బదులు సైకిళ్లు సైన్యమునకు పనికివచ్చునా యని పరీక్షించుటయే ఉద్దేశము. దారి సుమారు 1,900 మైళ్లు. బురద చక్రములకు అంటుకొని కదలనీయనపుడు రైలుపట్టాల నడుమ దూలములపై సైకిళ్లు నడిపించుకొని పోయిరి. నెబ్రాస్కా ఇసుక దిబ్బలలో ఎండకును, చవుడు నీటికిని పలువురు జబ్బుపడిరి. అయినను 41వ దినమున గమ్యము చేరిరి. మరుసటి యేడు యుద్ధము రాగా దళమును క్యూబాకు పంపిరి. సైకిలు దళపు ఆలోచన అంతటితో నిలిచిపోయెను. ఓర్పులో వారికి లోటు లేదని మాత్రము రుజువైనది.

నేటి యాత్రికుడును ఆ కష్టములను పూర్తిగా తప్పించుకొనలేడు. వయోమింగ్‌లో ఒక విశాలమైన పల్లపు ప్రదేశము కలదు. అచ్చట పడిన వాన ఏ సముద్రమునకును చేరదు; నేలలో ఇంకును, లేదా ఆవిరియగును. అచ్చట నీరు దొరకు చోట్లు బహుదూరముగా నుండును గనుక, యాత్రికుడు నీరు మోసికొనియే పోవలెను. న్యూమెక్సికోలో వాన కురిసినచో బంకమట్టి చక్రమునకును, ఫ్రేమునకును నడుమ గడ్డకట్టును. అపుడు ఎంతటి బలశాలియైనను దిగి, నేల ఆరువరకు కూర్చుండవలసినదే. మోంటానా, వయోమింగ్ అడవులలో గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరుగును. రాత్రి భోజనపదార్థములను గుడారమున నుంచక, దూరముగా చెట్టుకొమ్మకు ఎత్తున వ్రేలాడదీయుదురు.

ఈ ఎలుగుబంట్ల మూలమున మరియొక చిక్కు ఏర్పడినది. బాటలు, వాహనముల రాకపోకలు ఎక్కువైన అడవిలో గ్రిజ్లీలు నిలువవు. పాడుపడిన బాటల నుండి కొట్టుకొనివచ్చిన మట్టి సెలయేళ్లలో చేరి, చేపలు గ్రుడ్లు పెట్టు గులకరాళ్లను కప్పివేయును. అందుచే అటవీశాఖ కొన్ని బాటలకు గేట్లు వేయుచు, కొన్నింటిని త్రవ్వించి మరల అడవిలో కలిపివేయుచున్నది. ఫ్లాట్‌హెడ్ జాతీయారణ్యమున ఇట్లు అనేక బాటలు మూతపడినవి. సైకిలు వలన హాని స్వల్పమని యాత్రికులు వాదింతురు. అది కొంత నిజమే; కాని ఎలుగుబంటికి చడి చేయక వేగముగా మలుపు తిరుగు సైకిలు, నెమ్మదిగా నడచు మనిషికంటె ప్రమాదకరమైనది. ఉలికిపడిన జంతువు మీదపడును. బాటలను మరమ్మతు చేయుటకు ధనము లేనపుడు, వేటిని నిలుపవలెను, వేటిని అడవికి విడిచిపెట్టవలెనను ప్రశ్న ఆ దేశమున నేటికిని తెగలేదు. బాట మూతపడినపుడో, వరద కోసివేసినపుడో, సంఘము వారు దారిని ప్రక్క బాటకు మరల్చి పటములను సవరించుచుందురు.