బస్తా పేరు చెప్పే ట్యాగు – ఆర్.ఎఫ్.ఐ.డి.

నేటి కంప్యూటర్ యుగంలో వస్తువులు కూడా తమ నంబరు తామే చెప్పుకుంటున్నాయి. టోల్‌గేటు దగ్గర కారు అద్దంపై కనిపించే స్టిక్కరు, మెట్రో రైలు కార్డు, పెద్ద లైబ్రరీల్లో పుస్తకం అట్టలోపల అంటించే చీటీ... వీటన్నిటిలో ఉన్నది ఒకే పరిజ్ఞానం. దాని పేరు రేడియో ఫ్రీక్వెన్సీ ఐడెంటిఫికేషన్, అంటే రేడియో తరంగాలతో గుర్తుపట్టడం. హాస్టల్‌లో ఉన్నప్పుడు మేము ఈ మాట వినలేదు. పి.జి.లో తెలుసుకున్నది తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పాలని ఈ చిన్న ప్రయత్నం.

ఎలా పనిచేస్తుంది?

దీనికి కావలసినవి మూడు: ట్యాగు, రీడరు, కంప్యూటరు. ట్యాగులో ఆవగింజంత చిప్, దానికి అతికించిన పలుచని యాంటెన్నా ఉంటాయి. చాలా ట్యాగుల్లో బ్యాటరీ ఉండదు. రీడరు పంపే తరంగాల నుంచే అవి శక్తిని తీసుకుని తమ నంబరును తిరిగి పంపుతాయి. ఆ నంబరు దేనిదో కంప్యూటరు తన రికార్డులో వెతికి చెబుతుంది.

బార్‌కోడు అయితే ఒక్కొక్కటిగా రీడరుకు ఎదురుగా చూపాలి. ట్యాగులను అట్టపెట్టెలో ఉండగానే, పదుల కొద్దీ ఒకేసారి చదవవచ్చు. అయితే ఇనుము, నీరు అడ్డువస్తే చదవడం కష్టమవుతుంది.

ఎక్కడెక్కడ వాడుతున్నారు?

రవాణా: మన దేశంలో 2014లో మొదలైన ఫాస్టాగ్, 2021 ఫిబ్రవరి నుంచి జాతీయ రహదారుల టోల్‌ప్లాజాల్లో తప్పనిసరి అయింది. దీన్ని కొన్ని మీటర్ల దూరం నుంచే చదువుతారు. మెట్రో కార్డు వేరే ఫ్రీక్వెన్సీలో పనిచేస్తుంది కాబట్టి దాన్ని గేటుకు దగ్గరగా పెట్టాలి.

వ్యాపారం: అమెరికాలోని వాల్‌మార్ట్, 2005 నాటికి సరుకు పెట్టెలకు ట్యాగులు పెట్టాలని తన 100 పెద్ద సరఫరాదారులను 2003లో కోరింది. గోదాముల్లో దీని వాడకానికి అది పెద్ద ఊపు.

పశుపోషణ: ఆస్ట్రేలియాలో పశువుల చెవికి ఈ ట్యాగు వేస్తారు. రోగం బయటపడితే ఆ పశువు ఏయే పొలాల నుంచి వచ్చిందో రికార్డు చూసి తెలుసుకుంటారు.

మరచిపోకూడని సంగతి

మా రోజుల్లో ఒకసారి బియ్యం వచ్చాయి. రిజిస్టరు ప్రకారం బస్తాల లెక్క సరిపోయింది. కాటా పెట్టి చూస్తే తూకం తగ్గింది. ఆ బస్తాలకు ట్యాగులు ఉన్నా రీడరు 'అన్నీ వచ్చాయి' అనే చెప్పేది. ట్యాగు చెప్పేది ఏ బస్తా అన్నదే. అందులో ఎన్ని కిలోలున్నాయో, బియ్యం ఎలా ఉన్నాయో చెప్పదు.

హాజరు కార్డు సంగతీ అంతే. ఒకరు రెండు కార్డులు తెస్తే మిషను ఇద్దరు వచ్చారని రాసుకుంటుంది. రాని మనిషి వచ్చినట్టే లెక్క.

పోటీ పరీక్షలో ఆర్.ఎఫ్.ఐ.డి. అంటే ఏమిటని బిట్ వస్తే పూర్తి పేరు రాసినవారికి మార్కు వస్తుంది. అది ఏం చెప్పలేదో కూడా తెలిసి ఉంటే, రేపు ఆ రిజిస్టరు మన చేతికి వచ్చిన రోజున, సంతకం పెట్టేముందు కాటా తెప్పిస్తాం.