కార్యాలయ భవనానికి సౌరశక్తి: లెక్క ఎక్కడ మొదలవ్వాలి?

వాణిజ్య భవనానికి పునరుత్పాదక శక్తిని సమకూర్చుకోవాలన్న ఆలోచన వచ్చినప్పుడు, డాబా మీద ఎన్ని కిలోవాట్ల సౌరఫలకాలు పడతాయన్న ప్రశ్నతోనే తరచుగా పని మొదలవుతుంది. అంతకంటే ముందు తేలవలసింది ఆ భవనానికి ఎంత శక్తి, ఏ రూపంలో, ఏ వేళలో కావాలన్నది. ఇందుకు ఇంజనీర్లు వాడే కొలమానం శక్తి వినియోగ సూచిక, అంటే ఏడాదిలో ఖర్చయిన విద్యుత్ యూనిట్లను భవన విస్తీర్ణంతో భాగించగా వచ్చే అంకె. అంతస్తుకు వెయ్యి చదరపు మీటర్ల చొప్పున ఐదంతస్తులున్న కార్యాలయానికి ఈ సూచిక 100 అనుకుంటే, ఏడాది అవసరం 5 లక్షల యూనిట్లు. పైకప్పులో నీళ్ల ట్యాంకులు, లిఫ్టు గది, వాటి నీడలు ఆక్రమించిన చోటు పోను 600 చదరపు మీటర్లు మిగిలితే, కిలోవాటుకు దాదాపు 10 చదరపు మీటర్ల లెక్కన 60 కిలోవాట్ల ఫలకాలు పడతాయి. తెలుగు రాష్ట్రాల ఎండకు కిలోవాటు నుంచి ఏడాదికి సుమారు 1,500 యూనిట్లు వస్తాయి కాబట్టి మొత్తం 90 వేల యూనిట్లు చేతికందుతాయి. అది అవసరంలో ఐదో వంతు కూడా కాదు.

కాబట్టి మూల్యాంకనంలో అసలు బరువు అవసరాన్ని తగ్గించడం మీద పడాలి. మన వాతావరణంలో కార్యాలయ భవనాల విద్యుత్తులో పెద్ద వాటా చల్లదనానికే పోతుంది. ఆ వాటాను ఎంత కుదించవచ్చో తేల్చిచెప్పే అరుదైన ఉదాహరణ హైదరాబాద్ శివారు పోచారంలోనే ఉంది. అక్కడ ఇన్ఫోసిస్ సంస్థ 2011 ప్రాంతంలో కట్టిన ఒక భవనాన్ని రెండు సమాన భాగాలుగా విభజించి, ఒక భాగానికి డక్టుల ద్వారా చల్లగాలి పంపే మామూలు పద్ధతిని, రెండో భాగానికి స్లాబు కాంక్రీటులోనే గొట్టాలు పరిచి వాటిలో చల్లని నీటిని తిప్పే వికిరణ శీతలీకరణను అమర్చారు. గోడలు, కిటికీలు, పనివేళలు రెండింటికీ ఒకే తీరులో ఉండటం వల్ల పోలిక నమ్మదగినదైంది. మామూలు పద్ధతిని కూడా మెరుగైన ప్రమాణాలతోనే నిర్మించినప్పటికీ, రెండేళ్ల కొలతల్లో వికిరణ భాగం చల్లదనానికి 34 శాతం తక్కువ విద్యుత్తు వాడింది. పైగా దాని నిర్మాణ వ్యయం మామూలు భాగం కంటే ఎక్కువేమీ కాలేదు.

ఈ ఆదా వెనుక ఉన్న కారణం సరళమైనది. ఒకే ఘనపరిమాణంలో నీరు గాలికంటే మూడు వేల రెట్లకు పైగా వేడిని మోయగలదు కనుక పెద్ద ఫ్యాన్ల పని చిన్న పంపులతో తీరిపోతుంది. మామూలు పద్ధతిలో నీటిని 7 డిగ్రీల దాకా చల్లబరచాలి. చల్లబడిన స్లాబు మనుషుల ఒంటి వేడిని నేరుగా గ్రహిస్తుంది కాబట్టి దానికి 15 డిగ్రీల దరిదాపు నీరు సరిపోతుంది, నీటిని చల్లబరిచే యంత్రమైన చిల్లర్ మీద భారం ఆ మేరకు తగ్గుతుంది. అయితే వానాకాలపు తేమ లోపలికి చొరబడితే చల్లని నీళ్ల చెంబుకు చెమ్మ పట్టినట్లే ఈ స్లాబుకూ పడుతుంది. అందువల్ల తేమ తీసిన తాజా గాలిని అందించే యంత్రం విడిగా ఉండాలి, కిటికీలు ఇష్టానుసారం తెరవకూడదు. సముద్రపు తేమ ఎక్కువగా ఉండే విశాఖపట్నంలో ఈ జాగ్రత్త మరింత అవసరం.

ఎండ వేడితోనే నేరుగా చల్లదనం పుట్టించే శోషణ చిల్లర్లు కూడా ఉన్నాయి. వీటిలో కంప్రెసర్‌కు బదులు లిథియం బ్రోమైడ్ ద్రావణం, వేడినీరు కలిసి పనిచేస్తాయి. ఆలోచన ఆకర్షణీయమైనదే గాని లెక్క దానికి అనుకూలంగా లేదు. మీద పడిన 100 పాళ్ల ఎండలో సగం వేడిగా మారి, ఒకే దశ శోషణ చిల్లర్‌లో 0.7 గుణకంతో పనిచేస్తే దక్కే చల్లదనం 35 పాళ్లు. అదే ఎండలో 20 పాళ్లను ఫలకాలు విద్యుత్తుగా మార్చి, ఒక యూనిట్‌కు ఐదు యూనిట్ల చల్లదనమిచ్చే మంచి చిల్లర్‌కు అందిస్తే 100 పాళ్లు వస్తాయి. వృథాగా పోయే వేడి దగ్గరలో దొరికే చోట తప్ప, కొత్తగా కట్టే కార్యాలయాలకు శోషణ చిల్లర్ సరైన ఎంపిక కాదు.

వేడి విషయానికొస్తే, మన ప్రాంతంలో గదులను వెచ్చబరచే అవసరం దాదాపు లేదు. హోటళ్లకు, ఆసుపత్రులకు కావలసింది వేడినీళ్లే. బయటి గాలి నుంచి వేడిని లాగే హీట్ పంపు ఒక యూనిట్ విద్యుత్తుతో మూడు, నాలుగు యూనిట్ల వేడినిస్తుంది. ఏసీలు బయటికి విసిరేసే వేడినే నీళ్లకు మళ్లిస్తే ఆ ఖర్చూ తగ్గుతుంది.

ఇక డబ్బు లెక్కలో యూనిట్ ధర ఒక్కటే చూడటం చాలదు. పెద్ద వినియోగదారులు గరిష్ఠ డిమాండ్‌కు, అంటే నెలలో ఒకేసారి లాగిన అత్యధిక విద్యుత్తుకు, వేరుగా చెల్లిస్తారు. పగలు నడిచే కార్యాలయానికి సౌరవిద్యుత్తు చక్కగా కలిసివస్తుంది. రాత్రి ఏడు గంటలకు నిండిపోయే హోటల్‌కు ఆ డిమాండ్ ఛార్జీ అంతగా తగ్గదు. ఆదివారం మిగిలే విద్యుత్తుకు గ్రిడ్ ఎంత చెల్లిస్తుంది, దుమ్ము పట్టిన ఫలకాలను కడగడానికి మనుషులు, నీళ్లు ఎక్కడివి, ఏటా అర శాతం చొప్పున తగ్గే ఉత్పత్తిని అంచనాలో చూపారా అన్నవి కూడా ఒప్పందానికి ముందే తేలాలి. చిల్లర్లకు, లైట్లకు, లిఫ్టులకు, కంప్యూటర్లకు వేర్వేరు మీటర్లు నిర్మాణ సమయంలోనే పెడితే అయ్యే ఖర్చు స్వల్పం. అవి లేని భవనంలో, నెల బిల్లులో తగ్గింది సౌరఫలకాల వల్లనో, ఆ నెల ఎండ తీవ్రత తగ్గడం వల్లనో ఎవరూ చెప్పలేరు.